ఆయిల్ రంగుల్లో సముద్రం, తెరచాప పడవలు: హైదరాబాద్‌లో నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆయిల్ రంగులు కొత్తగా కొన్నవాళ్లు చాలామంది మొదట వేయాలనుకునేది సముద్రం, దాని మీద ఒక తెల్ల తెరచాప పడవ. క్లాసుకి వచ్చేవాళ్లు, ఎగ్జిబిషన్లలో పలకరించేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో.

మన దగ్గర సముద్రమే లేదు. ఇక్కడుండి సముద్రం వేయడం నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. సముద్రం లేదు గానీ తెరచాపలున్నాయి. ఆ మాటకొస్తే ఇప్పుడు మన కోస్తాలో కంటే హుస్సేన్‌సాగర్‌లోనే తెరచాపని చూడడం తేలిక. బాపట్ల వైపు వెళ్లినా కాకినాడ వైపు వెళ్లినా వేట పడవలు చాలావరకు ఇంజన్లకి మారిపోయాయి. ఇక్కడ మాత్రం వానాకాలంలో నైరుతి గాలి అందుకోగానే సెయిలింగ్ పోటీలు మొదలవుతాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగే రోజుల్లో చెరువు మీద తెల్ల తెరచాపలు గుంపులుగా తిరుగుతుంటాయి. మిగతా రోజుల్లో కూడా సంజీవయ్య పార్కు వైపు ప్రాక్టీసు చేసే పిల్లలు కనిపిస్తారు.

కాబట్టి నా సలహా ఒకటే. పడవనీ గాలినీ ఇక్కడ నేర్చుకోండి. అలని తీరానికి వెళ్లి నేర్చుకోండి. రెండూ ఒకే కాన్వాస్ మీదికి తెచ్చేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ పొడవు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. లేజర్ పడవ పద్నాలుగు అడుగుల లోపే. అలాంటిదాన్ని తీసుకెళ్లి మనిషెత్తు కెరటాల మధ్య పెడితే సముద్రం తెలిసినవాళ్లు నవ్వుతారు. నడిసముద్రం వేయాలంటే ఆ పడవ కదలికని, ఒరుగుని, తెరచాప ఉబ్బుని తీసుకోండి. ఆకారం మాత్రం పెద్ద పడవది ఉండాలి.

చూసి వేయలేదు కదా అన్న బెంగ అక్కర్లేదు. సముద్ర చిత్రాలకి పెట్టింది పేరైన ఐవజోవ్‌స్కీ (1817–1900) నల్లసముద్రం ఒడ్డున పుట్టి పెరిగినా, చిత్రాలు ఎక్కువగా స్టూడియోలో జ్ఞాపకం నుంచే వేశాడు. 1850లో వేసిన ‘తొమ్మిదో అల’ కూడా ఆ పద్ధతిలో వచ్చినదే. కదిలే నీటిని ఎదురుగా కూర్చుని కాపీ కొట్టడం ఎవరి వల్లా కాదు. చూడడం ఒక పని, వేయడం ఇంకో పని.

హుస్సేన్‌సాగర్ దగ్గర ఎక్కడ కూర్చోవాలి? ఎప్పుడు?

పొద్దున్నే అయితే నెక్లెస్ రోడ్డు. సాయంత్రం అయితే ట్యాంక్‌బండ్. నెక్లెస్ రోడ్డు మీంచి చూస్తే ముఖం తూర్పుకి ఉంటుంది, సూర్యుడు నీళ్లకి అవతల లేస్తాడు. మన బంగాళాఖాతం తీరంలో పొద్దున కనిపించే ఎదురు వెలుగు సరిగ్గా ఇదే: పడవలు నల్లగా, తెరచాపల్లోంచి వెలుగు పసుపుగా, నీటి మీద తళుకు మీ వైపుకే పరుచుకుంటూ. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం ఇదే దృశ్యం పడమటి సూర్యుడితో దొరుకుతుంది.

ఈజిల్ మోసుకెళ్లకండి. జనం గుమిగూడతారు, సెల్ఫీలు అడుగుతారు, గాలికి కాన్వాస్ ఎగిరిపోతుంది. చిన్న స్కెచ్‌బుక్, మెత్తటి పెన్సిల్ చాలు. పడవ దాటిపోయేలోగా మూడే గీతలు పెట్టడం అలవాటు చేసుకోండి: పడవ అడుగు, కొయ్య (తెరచాపని నిలబెట్టే స్తంభం) వంపు, తెరచాప అంచు.

వైజాగ్‌లో సూర్యాస్తమయం వేద్దామనుకుంటున్నాను. సలహా ఇస్తారా?

సూర్యుణ్ణి సముద్రంలో ముంచకండి, అంతే. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, నేల వైపు దిగుతాడు. సముద్రంలోకి దిగే సూర్యుడు కావాలంటే గోవా ఫొటో చూడాలి, పేరు కూడా గోవా అనే పెట్టాలి. వైజాగ్ సాయంత్రానికి దాని అందం దానికుంది. వెలుగు వెనక నుంచి వచ్చి పడవల పక్కల మీద, తెరచాపల మీద పడుతుంది. తూర్పు ఆకాశం గులాబీ, ఊదా రంగుల్లోకి మారుతుంది. దీన్ని ఎవరూ వేయరెందుకో.

సూర్యోదయం వేసేవాళ్లకి ఒక చిట్కా. మోనే 1872లో లె హావ్ర్ రేవులో వేసిన సూర్యోదయ చిత్రాన్ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. నారింజ సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. అంటే ఆ సూర్యుడు చుట్టూ ఉన్న ఆకాశం కంటే తెల్లగా లేడు, రంగులో మాత్రమే వేరు. తెలుపు మీద తెలుపు దట్టించి సూర్యుణ్ణి వెలిగించాలని చూసేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఏ రంగులు కొనాలి? ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనేశాను.

కొన్నారు కాబట్టి దాచండి. సముద్రానికి ఆరేడు చాలు: టైటానియం వైట్, అల్ట్రామెరీన్ బ్లూ, థాలో బ్లూ, విరిడియన్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఏదో ఒక ఎరుపు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనండి, అన్నిటికంటే ముందు అయిపోయేది అదే. నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకి దగ్గరగా వస్తుంది, తెలుపు కలిపితే మబ్బుకీ పడవ నీడకీ కావలసిన బూడిద రంగులన్నీ అందులోంచే పుడతాయి. థాలో బ్లూ చాలా ఘాటు, బియ్యపు గింజంతే తీసుకోండి.

నేర్చుకోవడానికి కామెల్ ఆర్టిస్ట్ రంగులు, వింటన్ రంగులు సరిపోతాయి. కోఠి, అబిడ్స్, సికింద్రాబాద్ వైపు ఆర్ట్ సామాన్లు దొరుకుతాయి. లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) మాత్రం ఆర్ట్ షాపులోనే కొనండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ చెక్క పాలిష్ కోసం. బొమ్మలో వాడితే రంగు ముదురుతుంది. జింక్ వైట్‌తో నురగ మందంగా వేయొద్దు, ఎండాక పెళుసెక్కి బీటలు వారుతుంది.

బ్రష్షుల్లో గట్టి హాగ్ హెయిర్ (పంది వెంట్రుకల) ఫ్లాట్‌లు రెండు సైజులు, కొస గుండ్రంగా ఉండే ఫిల్బర్ట్ ఒకటి, తాళ్లకీ కొయ్యలకీ పొడుగు వెంట్రుకల రిగ్గర్ ఒకటి. రంగు వేయడానికి వాడే చిన్న పెయింటింగ్ నైఫ్ ఒకటి.

సముద్రం నీలంగా వేస్తే పోస్టర్‌లా వస్తోంది. ఎందుకు?

ఎందుకంటే మన సముద్రం అంత నీలంగా ఉండదు. ఫోన్ కెమెరాలూ ఫిల్టర్లూ మన కళ్లని పాడు చేశాయి. వానాకాలంలో కృష్ణా, గోదావరి ముఖద్వారాల దగ్గర నీళ్లు ఒండ్రుతో టీ రంగులో ఉంటాయి. సూర్యలంక, మంగినపూడి లాంటి చదునైన ఇసుక తీరాల్లో అల విరిగేచోట అడుగు ఇసుక లేచి పచ్చటి గోధుమ రంగు వస్తుంది. వైజాగ్ దగ్గర ఒడ్డు త్వరగా లోతవుతుంది కాబట్టి నీలం ఎక్కువ. ఎక్కడైనా సరే, నీటి రంగులో సగం ఆకాశానిదే. అందుకే ఆకాశం ముందు వేయండి, ఆ రంగుల్లోంచే కొంచెం ముదురు చేసి నీళ్లకి తీసుకోండి. దగ్గరి నీళ్లలో ఓకర్, సియెన్నా కలవాలి. దూరపు నీళ్లు చల్లగా, మసగ్గా పోవాలి.

కాన్వాస్‌కి ముందే పలచటి బర్న్ట్ సియెన్నా పూత వేసి ఆరనిచ్చి మొదలుపెట్టి చూడండి. నీలం సందుల్లోంచి ఆ వెచ్చదనం తొంగిచూస్తే పోస్టర్ రూపు సగం తగ్గుతుంది.

పడవ నీళ్ల మీద కాకుండా గాల్లో ఉన్నట్టు వస్తోంది.

ఈ ప్రశ్న అందరిదీ. జవాబు కొంచెం పొడుగు.

నింగీ నీరూ కలిసే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులో ఉంటుంది. ఇసుకలో నీటి అంచున నిలబడ్డారనుకోండి, నీటికి మీ కన్ను ఐదడుగుల పైన ఉంది. అప్పుడు ఆ గీత ఎదురుగా ఉన్న ప్రతి పడవనీ నీటి నుంచి ఐదడుగుల ఎత్తు దగ్గరే దాటుతుంది. దగ్గరి పడవైనా, దూరపు పడవైనా అంతే. ఇరవై అడుగుల కొయ్య ఉన్న పడవైతే కింది పావు భాగం నీటి మీద, మిగతా ముప్పావు ఆకాశం మీద కనిపించాలి. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, దగ్గరి పడవని మొత్తం నీటి మీదే దించేస్తారు, దూరపుదాన్ని గీత మీద బొమ్మలా నిలబెడతారు. ఒకే బొమ్మలో చూసేవాడి కన్ను ఒకసారి కొండ మీద, ఒకసారి ఇసుకలో ఉన్నట్టవుతుంది.

అదే కైలాసగిరి మీంచి చూస్తే పడవలు కొయ్యలతో సహా నీటి మీదే కనిపిస్తాయి, గీత ఎక్కడో పైన ఉంటుంది. రెండూ నిజమే, కానీ రెండూ ఒకే కాన్వాస్‌లో కుదరవు. వేర్వేరు ఫొటోల్లోంచి పడవలు తెచ్చి అతికించేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ట్యాంక్‌బండ్ స్కెచ్‌లు వాడేటప్పుడు కూడా గుర్తుంచుకోండి, మీరు కట్ట మీద ఎత్తులో ఉన్నారు. పైగా చెరువుకి అవతలి ఒడ్డు అడ్డం కాబట్టి అసలు గీత కనిపించదు.

ఇసుకలో నిలబడ్డ మనిషికి ఆ గీత నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. దానికి బాగా అవతల ఉన్న పడవకి అడుగు భాగం మునిగి తెరచాప మాత్రమే కనిపిస్తుంది. ఇలాంటి చిన్న తెల్ల ముక్క ఒకటి దూరాన పెడితే సముద్రం ఎంత పెద్దదో ఇట్టే తెలుస్తుంది. ఇక ఆ గీత సమంగా, అంటే స్కేలుతో చూసినా వాలు లేకుండా ఉండాలి. అలాగని కత్తితో కోసినట్టు ఉండకూడదు. వేశాక పొడి బ్రష్‌తో ఒక్కసారి తేలిగ్గా తుడవండి.

పడవ అడుగున, నీళ్లు తగిలేచోట ఒక సన్నటి ముదురు గీత, అక్కడక్కడా దాన్ని తెంపే నురగ ఉండాలి. అవి లేకపోతే పడవ తేలదు.

తెరచాప ఎటు తిప్పాలి?

ముందు గాలి ఎటు నుంచి వస్తుందో తేల్చుకోండి. కాన్వాస్ వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి. ఇక జెండా, అలల పైనుంచి లేచే తుంపర, తెరచాప ఉబ్బు, పడవ ఒరుగు అన్నీ ఆ బాణానికి లొంగి ఉండాలి. గాలి ఎటు పోతుందో తెరచాప అటు ఉబ్బుతుంది, పడవ అటే ఒరుగుతుంది, మనుషులు దానికి ఎదురు పక్కకి వెల్లకిలా వాలి బరువు వేస్తారు. లేజర్ నడిపేవాళ్లని ఒక అరగంట చూస్తే ఇది ఎప్పటికీ మర్చిపోరు.

తెరచాప పడవ ఏదీ గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. రెండు వైపులా సుమారు 45 డిగ్రీల మేర దానికి దారి లేదు. అందుకే అటూ ఇటూ మలుపులు తిరుగుతూ వెళ్తుంది. ఒకే గాలిలో ఒక పడవ ఎడమకి, ఇంకోటి కుడికి పోవచ్చు. కానీ ఒకదాని తెరచాప ఇటు, ఇంకోదానిది గాలికి ఎదురుగా అటు ఉబ్బకూడదు. బజారులో అమ్మే సీనరీల్లో ఇది ఎంత తరచుగా తప్పుతుందో ఈసారి గమనించండి.

తెరచాప తెల్లగానే వేస్తున్నాను, కాగితం ముక్కలా కనిపిస్తోంది.

ట్యూబులోంచి తీసిన తెలుపు వాడుతున్నారు కాబట్టి. ఎండ పడే వైపు తెలుపులో చిటికెడు ఓకర్, నీడ వైపు అల్ట్రామెరీన్ బూడిద కలపండి. వెలుగు వెనక నుంచి వస్తే తెరచాప మొత్తం ఆకాశం కంటే కొంచెం ముదురు, వెచ్చటి రంగు. కుట్లు, అంచు గుడ్డ రెండు మడతలున్నచోట ఇంకా ముదురు. చుట్టూ ఉన్న నీటిని ఒక మెట్టు ముదురు చేస్తే తెరచాప దానంతట అదే వెలుగుతుంది. స్వచ్ఛమైన తెలుపు బొమ్మ మొత్తంలో ఒకటి రెండు చోట్లకి దాచుకోండి.

అల, నురగ ఎలా వేయాలి?

విరిగే అలలో నాలుగు భాగాలు చూడండి. పైకొస దగ్గర నీరు పలచన, అందులోంచి వెలుగు దూరి ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇక్కడే విరిడియన్, ఓకర్ పనికొస్తాయి. దాని కింద మందమైన ముదురు పొట్ట. ముందుకి పడే నురగ. ఆ నురగ వేసే నీడ. ఈ చివరిదాన్ని మర్చిపోతే నురగ నీటి మీద అంటించిన దూదిలా ఉంటుంది. నీడలో నురగ రంగు తెలుపు కాదు, ఊదా కలిసిన బూడిద.

అల ఎక్కడ విరుగుతుందో కూడా ఇష్టమొచ్చినట్టు ఉండదు. నీటి లోతు అల ఎత్తుకి ఇంచుమించు ఒకటింపావు రెట్లకి వచ్చినప్పుడు విరుగుతుంది. అందుకే ఒడ్డు చదునుగా ఉన్నచోట విరిగే అలలు వరసలు వరసలుగా దూరం దాకా ఉంటాయి, నిటారు ఒడ్డుకి దగ్గరగా ఒక్కటే వరస ఉంటుంది. అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే నురగ జల్లెడలా చిల్లులు పడి ఉంటుంది. నురగ గీయకుండా ఆ చిల్లుల్నే నీటి రంగుతో వేస్తే సులువు.

నైఫ్‌తో మందపు నురగ అన్నిటికంటే చివర, రెండు మూడు చోట్లే. మొత్తం నైఫ్‌తో వేసిన సముద్రాలు నాకు నచ్చవు. నీరు రాయి అయిపోతుంది.

పడవ నీడ నీళ్లలో ఎలా పడుతుంది?

నీడ వేరు, ప్రతిబింబం వేరు. నీడ సూర్యుడికి ఎదురు పక్కకి పోతుంది. ప్రతిబింబం సూర్యుడితో సంబంధం లేకుండా సూటిగా కిందికి, మీ వైపుకే వస్తుంది. కొయ్య ఎడమకి ఒరిగితే ప్రతిబింబం కూడా కిందికి పోతూ ఎడమకే ఒరుగుతుంది. కుడికి తిప్పితే తప్పు. తెల్ల తెరచాప నీటిలో కొంచెం మాసినట్టు, నల్ల పడవ అడుగు కొంచెం తేలిపోయినట్టు కనిపిస్తాయి. చిరు అలలున్నప్పుడు ప్రతిబింబం పొడుగు సాగి ముక్కలవుతుంది. గాలి బాగా ఉంటే ప్రతిబింబమే ఉండదు. ఉబ్బిన తెరచాప, అద్దంలాంటి నీరు ఒకే బొమ్మలో పెట్టకండి.

ఆయిల్ రంగు ఎన్నాళ్లకి ఆరుతుంది?

ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. పలచటి పూత రెండు మూడు రోజుల్లో, మామూలుగా వేసింది వారం పది రోజుల్లో చేతికి అంటదు. బర్న్ట్ అంబర్ లాంటివి త్వరగా, టైటానియం వైట్ నెమ్మదిగా ఆరతాయి. అంటే సముద్రంలో అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది నురగే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో చకచకా ఆరిపోతాయి, జులైలో ముసురు పడితే ఓపిక పట్టాలి.

కింది పొరల్లో రంగుని పలచన చేసే టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ. ఈ వరస తిరగబడితే పైది ముందు బిగుసుకుని, కిందది తర్వాత కదిలి బీటలిస్తుంది. ఆరని బొమ్మని మంచం కింద చీకట్లో దాస్తే పసుపెక్కుతుంది. వెలుగున్న గదిలో కొన్నాళ్లు పెడితే ఆ పసుపు చాలావరకు పోతుంది. వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, చిన్నపిల్లలున్నారు. వాసన, ప్రమాదం?

వాసన తగ్గాలంటే ఓడర్‌లెస్ థిన్నర్ వాడండి, లేదా నీటితో కలిసే ఆయిల్ రంగులు కొనండి. బాల్కనీ తలుపు తీసి పెట్టండి. వేసేటప్పుడు టీ బిస్కెట్లు వద్దు. చేతులకి టర్పెంటైన్ పూయకుండా సబ్బుతో కడగండి.

అసలు ప్రమాదం చాలామందికి తెలియదు. అవిసె నూనె పీల్చిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోయే దారి లేక, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. మన ఎండాకాలంలో మూసేసిన బాల్కనీ స్టోర్‌రూమ్‌లో మరీను. గుడ్డల్ని విప్పి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. వాడిన థిన్నర్ సింక్‌లో పోయొద్దు. సీసాలో ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైది వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు.

మా అబ్బాయికి పదేళ్లు, వాడికీ నేర్పిద్దామా?

ముందు ఆక్రిలిక్‌తో. గాలి, ప్రతిబింబం, కంటి ఎత్తు అన్నీ అందులోనూ నేర్చుకోవచ్చు.

సముద్రం చూడ్డానికి ఎక్కడికి వెళ్లాలి? రంగులు తీసుకెళ్లాలా?

హైదరాబాద్ నుంచి తేలికైనది సూర్యలంక. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే బాపట్లలో దిగి ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు. మచిలీపట్నం వెళ్తే మంగినపూడి. రాళ్లు, కొండలు, రేవు కావాలంటే వైజాగ్.

టర్పెంటైన్, థిన్నర్ రైల్లో తీసుకెళ్లడానికి వీల్లేదు, మండే సరుకు. కాబట్టి స్కెచ్‌బుక్, చిన్న వాటర్ కలర్ పెట్టె చాలు. సూర్యుడు లేవడానికి అరగంట ముందే చేరండి. మొదటి గంట ఏమీ వేయకుండా ఒకే చోట అల విరగడం చూడండి, తర్వాత కళ్లు మూసుకుని గుర్తున్నది గీయండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుంటే ఇంటికొచ్చాక బాగా పనికొస్తుంది. అక్కడే ఆయిల్ వేస్తానని పట్టుబట్టేవాళ్లకి ఇసుక తప్పదు. వాన్ గో 1888లో ఫ్రాన్స్ తీరంలోని సాంత్ మరీలో వేసిన సముద్ర చిత్రంలో ఇసుక రేణువులు ఇప్పటికీ రంగులో ఇరుక్కుని ఉన్నాయి.

తడి కాన్వాస్‌లు రెండు తేవాలంటే మూలల్లో కార్కు ముక్కలు పెట్టి ఎదురెదురుగా కట్టండి.

యూట్యూబ్ చూసి నేర్చుకుంటే సరిపోదా?

రంగు కలపడం, బ్రష్ పట్టడం సరిపోతుంది. మీ గీత ఎక్కడ తప్పిందో వీడియో చెప్పదు. నెలకోసారైనా ఎవరికైనా చూపించండి. ఫొటో చూసి వేయడంలో తప్పు లేదు, కానీ ఇంకొకరి ఫొటోని ఉన్నదున్నట్టు దించి అమ్మకానికి పెట్టొద్దు. మంచి బొమ్మల్ని అసలు రూపంలో చూడడం కూడా చదువే. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల గదులున్నాయి, శుక్రవారం సెలవు. పొరల మందం, వార్నిష్ మెరుపు ఫోన్ తెర మీద తెలియవు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇప్పటివాళ్ల పనులు చూడొచ్చు.

పూర్తయిన బొమ్మ ఇంట్లో ఏ గోడకి పెట్టాలి?

వాస్తు అయితే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నా చేతిలో లేదు. నా వరకు చెప్పాలంటే, పడమటి ఎండ నేరుగా పడే గోడ వద్దు, బాత్రూమ్ అవతలి చెమ్మ గోడ అసలే వద్దు. వానాకాలంలో కాన్వాస్ వెనక బూజు పడుతుంది కాబట్టి గోడకీ ఫ్రేముకీ మధ్య కార్కు ముక్కలతో కాస్త సందు ఉంచండి. ఆయిల్ బొమ్మకి గాజు అక్కర్లేదు, ఫ్రేము షాపువాళ్లు వేయించమన్నా వద్దనండి. పూజ గది పక్కన పెడితే అగరొత్తుల పొగ ఆకాశం మీద ముందు కనిపిస్తుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ పెట్టకండి.